అన్నయ్య చేసిన స్పీకర్ పెట్టెలు

ఎదురింటివాళ్ళు తలుపుకు నల్లరంగు వేయిస్తున్నారు. ఆ టర్పెంటైన్ వాసనకు ఉత్తరాదిన గోవింద్‌పూర్‌లోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. టేప్‌రికార్డరుకు ఇంట్లోనే చెక్కపెట్టెలు చేసి స్పీకర్లు బిగించుకున్న రోజులు మీకూ గుర్తున్నాయి కదా?

మా అన్నయ్య ప్లైవుడ్‌తో రెండు పెట్టెలు చేశాడు. వాటిని ఉప్పుకాగితంతో రుద్దడం చెల్లెలినైన నా పని. వేళ్ళు మండేవి, చెక్కపొడి కనురెప్పల మీద పేరుకునేది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చుని, చెక్కను తడిమి చూసి, "ఇక్కడింకా గరుగ్గా ఉందిరా, మల్లీ రుద్దండి" అనేవాడు. ఎప్పుడూ తిట్టే నాన్న అలా పక్కన కూర్చునేసరికి అన్నయ్య మురిసిపోయి ఇంకో కోటు రంగు కూడా వేశాడు.

రంగు ఆరిన రోజే నాన్న ఆటో తీసుకొచ్చాడు.

"మా కాంట్రాక్టరు గారికి ఇత్తన్నాను. ఎక్కించు."

"ఒక్క పాట ఇని ఇత్తాను నాన్నా."

"ఆళ్ళింట్లో ఇందువుగాని."

ఆ ఇంట్లో వైర్లు అన్నయ్యే కలిపాడు. పాట మొదలైందో లేదో కాంట్రాక్టరు, "ఠీక్ హై, అబ్ జావో" అంటూ ఇక వెళ్ళమని నాన్ననీ అన్నయ్యనీ పంపించేశాడు.

వారం తిరక్కుండా నాన్నకు రాత్రి డ్యూటీలు తప్పాయి. కాంట్రాక్టరు బావమరిదికీ ఒక జత కావాలట. నాన్న కొత్త ప్లైవుడ్ తెచ్చి అన్నయ్య ముందు పడేశాడు.

అన్నయ్య తల దించుకుని, "నాకింక పాటలు అక్కర్నేదు నాన్నా" అన్నాడు.

నాన్న నవ్వాడు.

"నిన్నెవుడు ఇనమన్నాడ్రా? సేసి ఇచ్చీ."