పదిహేను యాభై గీత

గిలకలదిండి రేవులో అంకమ్మ నోటికి జడవని బోటు ఓనరు లేడు. తూకంలో తేడా వస్తే తాత ముత్తాతల దాకా వెళ్ళేది. గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో చేపలమ్మే ఆ మనిషి ఏడాదికి ఒక్కరోజు మాత్రం నోరెత్తేది కాదు. అది ఆమె మొగుడు పోలయ్య పోయిన రోజు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, పోలయ్యవి బతికుండగానే చారెడు కళ్ళు. వల లాగుతూ తూలి నీళ్ళలో పడ్డాడు. ఎంత వెతికినా దొరకలేదు. సొంత బోటు నడిపే ప్రేమ్ కుమార్ ఏడుస్తూనే జీపీయస్ మిషను మీద బటన్ నొక్కి ఆ చోటు గుర్తుపెట్టాడు. చేప పడే చోట్లకీ, వల చిరిగే చోట్లకీ వాళ్ళు అలాగే గుర్తు పెట్టుకుంటారు. శవం లేదు, కాష్ఠం లేదు. అంకమ్మకి మిగిలింది ఆ గుర్తొక్కటే.

ఆడది వేట బోటు ఎక్కకూడదని అక్కడ కట్టుబాటు. అందుకని ఏటా ఆ రోజు అన్నం, రొయ్యల ఇగురు, బీడీకట్ట విస్తట్లో మూటగట్టి ఇచ్చేది. ప్రేమ్ కుమార్ మిషను చూపిన దారిన పోయి, నీళ్ళలో వదిలి వచ్చి, "పదిహేను యాభైలో పెట్టొచ్చాం వదినా" అనేవాడు. బోటువాళ్ళ మాటతీరే అంత. మిషను మీద పై అంకె చెప్పుకుని ఊరుకుంటారు, కింద అంకె సంగతి మిషనే చూసుకుంటుంది. అంకమ్మ ఆ పదిహేను యాభైనే మొగుడి ఇంటి నంబరనుకుని గుండెలో దాచుకుంది.

ఈ ఏడు ప్రేమ్ కుమార్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వైద్యానికని ఇంటివాళ్ళు బోటు అమ్మేశారు. కొన్న కాకినాడ ఆయన మిషనులో పాత గుర్తులన్నీ చెరిపేసి తనవి పెట్టుకున్నాడు. ఆ బోటులో వెళ్ళొచ్చిన కలాసీలని అడిగితే, మిషను చూపించిన చోటికి పోవడమే తప్ప మాకేం తెలుసన్నారు. పోలయ్య పోయిన రోజు దగ్గరకొస్తోంది. అన్నం ఎక్కడ పెట్టాలి?

పోనీలే, నంబరు నాకు తెలుసుగా అనుకుంది అంకమ్మ. ఎప్పుడూ చేపలు వేసే ఇందిరాదేవి గారింటికి వెళ్ళి గంప దించింది. ఆవిడ బడిలో సోషల్ చెప్పి రిటైరైన టీచరు. సంగతంతా విని, బీరువా మీద గ్లోబు దించి దుమ్ము తుడిచింది. నడిమధ్యన భూమధ్యరేఖ చూపించి, దానికి ఎంత పైన ఉన్నామో చెప్పేవి అక్షాంశాలనీ, అవి అడ్డగీతలనీ చెప్పింది. తలలోంచి పూలదారం తీసి, పదిహేను డిగ్రీల యాభై నిమిషాల దగ్గర గ్లోబు చుట్టూ కట్టింది.

"ఇందులో ఆయన ఎక్కడమ్మా?" అంది అంకమ్మ.

"అడ్డగీత ఒక్కటే తెలిస్తే చాలదు అంకమ్మా. రేఖాంశమని నిలువుగీత ఉంటుంది. రెండూ కలిసిన చోటే ఆయన చోటు. నీ దగ్గర ఒకటే ఉంది."

అంకమ్మ దారం మీద వేలు పెట్టి గ్లోబుని మెల్లగా తిప్పింది. వేలు ఎక్కడెక్కడి దేశాలో, సముద్రాలో దాటుకుని మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చింది.

"అయితే లోకం చుట్టూతా వెతుక్కోవాలా ఆయన్ని?"

అడిగి, అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళూ సగం అడ్రసు పట్టుకుని మొత్తం ఉందనుకున్నానే, రెండో అంకె ఒక్కసారి అడిగిన పాపాన పోలేదే అని తల కొట్టుకుంది. బేరానికి రూపాయి తగ్గని అంకమ్మ అలా ఏడుస్తుంటే ఇందిరాదేవికి కూడా కన్నీళ్ళు ఆగలేదు. దారాన్నే చూస్తూ కూర్చుంది. అది బందరుకి కొంచెం కిందగా, దివిసీమ మీదుగా సముద్రంలోకి దిగుతోంది.

పోలయ్య పోయిన రోజున ఇద్దరూ అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళి, పంటు మీద కృష్ణ దాటి ఎదురుమొండి దీవిలో దిగారు. నాచుగుంట వైపు ఆటోలో వెళ్ళి, ఒడ్డు వెంట ఫోనులో అక్షాంశం చూసుకుంటూ నడిచారు. పదిహేను యాభై వచ్చిన చోట టీచరు ఆగింది.

అంకమ్మ ఇసుక సదును చేసి విస్తరి పరిచింది. అన్నం, ఇగురు వడ్డించి, బీడీకట్ట పక్కన పెట్టింది. కాసేపటికి కాకులు వాలాయి. ఆమె వాటిని చూడలేదు, తూర్పుకి తిరిగి నిలబడింది.

"ఇక్కణ్ణించి నేరుగా వెళ్తే ఆయన దగ్గరికే కదమ్మా?"

"నేరుగా ఆయన దగ్గరికే."

"ఎంత దూరం?"

ఇందిరాదేవి తెలీదంది. అంకమ్మ తలూపి, కొంగు నడుముకి బిగించి, మోకాళ్ళ లోతు దాకా నీళ్ళలోకి నడిచి ఆగిపోయింది.