పందెం నేనే గెలిచేను, మూల మాత్రం పోనాది

నవ్వితే నవ్వండి గానీ ముందు టీ తాగండి, చల్లారిపోతంది. మొన్న ఆదివారం మా ఇంట్లో పందెం కాసేను. గెలిచేను కూడా! గెలిచి, ఆ సాయంత్రమే నా ఆడియో సామానంతా నా చేతుల్తో నేనే మేడమీద గదికి మోసుకెళ్ళేను. ఎలాగో చెప్తాను, మధ్యలో ఎవరూ సలహాలివ్వకండి. మా బావమరిది ఇచ్చినవే అరగలేదు.

నా సంగతి మీకు తెలుసు కదా. పొద్దల్లా చోడవరం మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్లో కూచుంటాను. ఎదురుగుండా బస్సుల హారన్లు, సీజనొస్తే గోవాడ పంచదార ఫ్యాక్టరీకి ఎల్లే చెరుకు ట్రాక్టర్ల మోత. ఇంటికొచ్చేక కాసేపు మంచి పాట వినాలంటాను. తప్పేటి? అందుకే హాల్లో కిటికీ పక్క మూలలో స్పీకర్లు, యాంప్లిఫయరు, నెట్‌లోంచి పాటలు లాక్కునే స్ట్రీమరు, అన్నీ పేర్చుకున్నాను.

ఆ మూల మీద మా ఆవిడ సత్యవతి కన్ను పడ్డాది. ఆవిడ జాకెట్లు కుడతాది. మిషను వరండాలో ఉంది, జల్లు కొడితే గుడ్డలన్నీ తడిసిపోతన్నాయి. మొన్నటి వానకి ఎవరిదో పెళ్ళి జాకెట్టు రంగు దిగిపోనాది. పెళ్ళికూతురి తల్లి వీధిలో నిలబడి తిట్టిపోసింది. "కిటికీ మూల నాకిచ్చీండి, వెలుతురూ ఉంటాది, తడీ ఉండదు" అని సత్య అప్పట్నించి ఒకటే పోరు. న్యాయమే. కానీ జాగా మారిస్తే సౌండు మారిపోదేటండీ! ఇవ్వనన్నాను.

ఇలాగుండగా నెట్‌వర్క్ ఫిల్టరు అని ఒకటి తెప్పించేను. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బా. రౌటర్‌కీ స్ట్రీమర్‌కీ మధ్య కేబుల్లో పెట్టాలి. ఆ తీగలో పాటతో పాటు కరెంటు రొద కూడా వస్తాదట, దాన్ని ఈ డబ్బా ఆపీస్తాదట. నేనే బిగించేను. ఆ రోజు వీణ ఎలా వినబడ్డాదనుకున్నారు! తీగ మీద వేలు జారడం కూడా వినబడ్డాది. "ఒసే సత్యా, తెర తీసినట్టు లేదూ?" అంటే, "నాకు నిన్నట్లాగే ఉంది" అన్నాది. మంచి చెవులు అందరికీ ఇవ్వడు దేవుడు, అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం సత్య తమ్ముడు రమణ విశాఖపట్నం నించి వచ్చేడు. కంప్యూటర్ల ఉద్యోగం వాడిది. భోజనాలయ్యేక రౌటర్ దగ్గిరకి తీసుకెళ్ళి డబ్బా చూపించేను.

"నీ చెవిలో పువ్వు పెట్టేరు బావా" అన్నాడు. "పాట ఈ తీగలో అంకెలుగా వస్తాది. ఎక్కడైనా చెడిపోతే మళ్ళీ తెప్పించుకుంటాది. అంకెల్లో ఒకటంటే ఒకటే. మడ్డి ఒకటి, తేట ఒకటి అని రెండు రకాలుంటాయేటి?"

చిర్రెత్తుకొచ్చింది నాకు. "ఒరే, అంకెలు నువ్వు లెక్కెట్టుకో. నేను చెవుల్తో వింటాను. కళ్ళకి గంతలు కట్టు. డబ్బా ఎప్పుడు తీసేవో, ఎప్పుడు పెట్టేవో చెప్పకపోతే అడుగు!"

సత్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. "ఒక్కటి తప్పినా మూల నాది" అన్నాది.

"తప్పకపోతే?"

"జన్మలో ఇంక దాని ఊసెత్తను."

కుర్చీలో కూచున్నాను. తువ్వాలుతో కళ్ళు కట్టేరు. రమణ నా వెనక రౌటర్ దగ్గిర నిలబడ్డాడు. ప్రతిసారీ వాడు డబ్బా తియ్యొచ్చు, పెట్టొచ్చు, అసలు ముట్టుకోకపోవచ్చు. "తీగ పీకితే పాట ఆగిపోదేటి బావా?" అన్నాడు. "కొంత పాట స్ట్రీమరు ముందే దాచుకుంటాదిరా, ఆగదు" అని పాఠం చెప్పేను. వీణ పెట్టించేను. లోపలి గదిలో మా అత్తగారు సీరియల్ చూసుకుంటంది. ఆవిడ మా దగ్గిరే ఉంటాది.

"ఇప్పుడు?" అన్నాడు రమణ.

"ఓలమ్మో, బొమ్మ ఆగిపోనాదే!" అని లోపల్నించి మా అత్తగారు. "నువ్వుండవే అమ్మా" అని సత్య.

నేను తలూపి, "తీసేవు. వీణ మీద దుమ్ము పడ్డాది" అన్నాను. రమణ ఉసూరుమన్నాడు. అంటే కరెక్టే!

"ఇప్పుడు?"

ఇల్లంతా నిశ్శబ్దం. "ముట్టుకోలేదు. అదే దుమ్ము."

"ఇప్పుడు?"

"మళ్ళీ ఆగిపోనాదర్రా! సీరియల్లో ఆ గుంట పిల్ల తలుపు తీసేలోగా ఆగిపోనాది, ఏటి సేస్తన్నారక్కడ?"

"పెట్టేవు! ఇదుగో, తేటపడ్డాది!"

ఎన్నిసార్లు మార్చేడో అన్నిసార్లూ చెప్పేను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు! తువ్వాలు పీకి పారేసి లేచేను. రమణ మొహాన నెత్తురుచుక్క లేదు. సత్యకి కళ్ళంట నీళ్ళు తిరిగేయి, ఇంక వరండాయే గతి అనుకున్నాది కాబోలు. జాలేసింది. అయినా గెలుపు గెలుపే కదా! "ఏటిరా, ఉన్నాయా రెండు రకాలు?" అని రమణ వీపు మీద చరిచేను.

అప్పుడొచ్చింది మా అత్తగారు, చేతిలో రిమోటుతో. "ఏటర్రా, మీరిక్కడ 'ఇప్పుడు' అన్నప్పుడల్లా నా టీవీ ఆగిపోతంది?"

రమణ ఒక్క క్షణం ఆలోచించేడు. వంగి, డబ్బాలోంచి వచ్చే తీగ పట్టుకున్నాడు. దాని వెంట గోడవారే నడిచేడు. గుమ్మం దాటేడు. లోపలి గదిలోకి ఎల్లిపోనాడు. నాకప్పుడు గుర్తొచ్చింది. మా టీవీ కూడా నెట్ మీదే వస్తాది. ఇంటికి రంగులేయించినప్పుడు, ఎలక్ట్రీషియన్ ఎందుకు దండగని, స్ట్రీమర్‌కొకటి టీవీకొకటి తీగలు నేనే లాగేను. రెండూ నీలం రంగే!

"బావా! ఫిల్టరు అమ్మ టీవీకి పెట్టేవు! నీ వీణకీ దీనికీ సంబంధమే లేదు!" అని లోపల్నించి కేక.

సత్య కన్నీళ్ళు ఎటుపోనాయో గానీ పకపకా నవ్వుతంది. "మా అమ్మ కేకలు విని చెప్పేరన్నమాట!"

"నేను వినలేదు! పాటలో మునిగిపోయి ఉన్నాను!"

"తీగ మీద వేలు జారితే వినబడ్డాది గానీ, పక్కగదిలో మా అమ్మ అరిస్తే వినబడలేదేటి?"

తస్సాదియ్యా, ఏటి చెప్పమంటారు! అయినా తగ్గుతానా? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "తీసేడో పెట్టేడో చెప్పమన్నారు, చెప్పేను. ఎలాగ చెప్పేనన్నది పందెంలో లేదు. ఫిల్టరు పని చేస్తాది. తీగ తప్పు పెట్టడం వేరే సంగతి!" అని డబ్బా పీకబోయేను.

మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టుకోకు బాబూ. ఈమద్దిన నా టీవీ ఎంత బాగుంటందో! మాట ముత్తెంలాగ వినబడతంది. ఎందుకా అనుకున్నాను, ఇదన్నమాట!"

రమణ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. మొత్తం చోడవరంలో నాకు ఒక్క మనిషి దొరికింది! "విన్నారా? ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలిసింది!" అన్నాను.

సత్య నవ్వు ఆపింది. మెత్తగా దగ్గిరకొచ్చింది. "సరే, పందెం మీదే. మూల మీరే ఉంచుకోండి. ఒక్కమాట అనండి చాలు, 'ఫిల్టరు ఉత్తిదే' అని మా తమ్ముడి ముందు అనండి."

అందరూ నా వైపే చూస్తన్నారు. ఒక్కమాట! అంటే మూల నాది, సౌండు నాది, కిటికీ గాలి నాది. రమణగాడు పళ్ళికిలిస్తన్నాడు. ఆ పళ్ళు చూసి ఆ మాట ఎలాగండీ అంటాను? గబగబా ఎల్లి స్పీకరు భుజానికెత్తుకున్నాను. "మిషను తెచ్చుకో. ఫిల్టరు మీ అమ్మ దగ్గిరే ఉంచు. అది పని చేస్తాది!"

ఇప్పుడు సత్య కిటికీ మూలలో కూచుని జాకెట్లు కుడతంది, మొహం వెలిగిపోతంది. నేను మేడమీద రేకుల గదిలో వింటన్నాను. తగ్గేనని మాత్రం అనుకోకండి. నిన్ననే ఇంకో ఫిల్టరు ఆర్డర్ పెట్టేను. మేడమీదకి అసలు తీగే లేదు, వైఫైలో వింటన్నావు, దేనికి పెడతావని అడుగుతారేమో. డబ్బా రానీండి బాబూ, తీగ సంగతి తర్వాత చూసుకుందాం!