కాలవగట్టు మీద కంకర లారీ

మైలవరంలో ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలడం మానేసి, బెజవాడ గవర్నర్‌పేటలో ఆఫీసున్న ఒకాయన దగ్గర లారీ డ్రైవరుగా చేరాను. డెబ్బైలలో సంగతి. క్వారీలో కంకర నింపుకుని, కాలవగట్ల మీద వేస్తున్న రోడ్లకు తోలాలి. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అప్పటికి నాకు పెళ్లయి ఆర్నెల్లు. అంతకంటే ఏం కావాలి?

ఆ లారీని అంతవరకు నడిపిన పెద్దాయనకు చూపు మందగించింది. తనే యజమానికి చెప్పి దిగిపోయాడు. దిగిపోయినవాడు ఇంట్లో కూర్చోకుండా, నేను చేరిన రోజు తెల్లారేసరికి షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వారం రోజులు పక్కన కూర్చుంటానబ్బాయ్. నీకేమన్నా అభ్యంతరమా?"

"అయ్యో, అదేం మాటండీ," అన్నాను. లోపల మాత్రం కాస్త చిన్నతనంగానే అనిపించింది. ఆరేళ్లు ట్రాక్టరు తోలినవాణ్ని, నాకు ఒకరు నేర్పేదేమిటని.

ఆ గర్వం మూడో రోజునే దిగింది. ముందు రోజు వాన కురిసింది. గట్టు మీద ఎదురుగా బస్సు వస్తుంటే, దారిద్దామని ఎడమకు తీశాను. వెనక చక్రం మెత్తటి మట్టిలో దిగబడి, నిండు లారీ కాలవ వైపు ఒరిగింది. కంగారులో నా కాలు యాక్సిలరేటరు మీదికి పోయింది.

"తొక్కకు! తొక్కితే ఇంకా దిగుద్ది. ఇంజనాపి నీ వైపు నించి దిగు. నీ వెనకాలే నేనొస్తా."

రోడ్డు పనిలో ఉన్న ఆడకూలీలు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో పెద్దావిడ ఎవరూ అడక్కుండానే చీర చెంగు నడుముకు దోపుకుని, "ముందు కాలవ పక్క కంకర తియ్యండే!" అని కేకేసింది. తట్టలతో దింపి గట్టు మీద పోశారు. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో తడిమి చూసుకుంటూ చక్రం కింద రాళ్లు పేర్చాడు. మధ్యాహ్నం దాటాక బండి పైకొచ్చింది. నేను ఆవిడకు దండం పెట్టబోతే నవ్వేసింది.

"మా రోడ్డుకే గదయ్యా తెచ్చావు, ఎక్కడ దింపితే ఏం?"

సాయంత్రం ఆఫీసుకెళ్లి, యజమాని అడక్కముందే జరిగిందంతా చెప్పేశాను. ఆయన మొహం గంటు పెట్టుకుని పెద్దాయన వైపు తిరిగాడు.

"ఏమంటావు? ఇతని చేతికి బండి ఇవ్వచ్చంటావా?"

"ఇవ్వండి బాబూ. దిగబడిందని తనంతట తనే చెప్పాడు. నా చేతిలో రెండుసార్లు దిగబడినా నేను మీకు చెప్పలేదు."

యజమాని తెల్లబోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

బయటికొచ్చాక, "నిజమేనండీ?" అన్నాను.

"మూడుసార్లు," అన్నాడు పెద్దాయన మెల్లిగా.

వారమన్నవాడు నెలంతా వచ్చాడు. ఏ గట్టు వానకు నానుతుందో, ఏ మలుపులో నిండు బండి పక్కకు లాగుతుందో చూపించాడు. ఆ పని మీదే నేను ఇల్లు నిలబెట్టుకున్నాను, పిల్లల్ని చదివించుకున్నాను.

చాలా ఏళ్లకు, ఒక ఆదివారం గుణదలలో ఆయన ఇంట్లో కూర్చుని, "మీ సీటు నాకిచ్చి మళ్లీ పక్కన కూర్చుని నేర్పారు. ఇంకొకరైతే చెయ్యరండీ," అన్నాను. ఆ మాట అనడానికి నాకు అన్నేళ్లు పట్టింది.

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.