ఊ కొట్టే పెద్దమ్మ

క్రెష్ తాళం తీయగానే కృపారాణి మొదట చేసే పని చేతులు వెచ్చజేసుకోవడం. సబ్బుతో కడిగి తుడుచుకుని, కిటికీ దగ్గర నిలబడి రెండు అరచేతులూ రుద్దుకునేది. చల్లని చెయ్యి తగిలితే పసిబిడ్డ ఉలిక్కిపడుతుందట. అవి వెచ్చబడేదాకా ప్రార్థన. పిల్లను వదలడానికి తొందరగా వచ్చిన ఒకనాడు వనజ గుమ్మంలో నిలబడి ఆ ప్రార్థన విన్నది.

"ప్రభువా, ఇయ్యాల ఒక్క పిల్ల పిలుపు గూడ నా చెవి దాటిపోనియ్యకు."

అంతకుమించి ఏమీ అడగలేదు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ వెనక రెండు గదుల క్రెష్ అది. రీసెర్చి చేసే తల్లులు, ఆఫీసుల్లో పనిచేసే తల్లులు పిల్లల్ని అక్కడ వదిలి వెళ్లేవాళ్లు. ఆయా కృపారాణి అందరికీ పెద్దమ్మే. నీ స్టూడెంట్లకి ఇంకా పండ్లే రాలేదు గానీ అటెండెన్స్ మాత్రం ఫుల్లని వాచ్‌మన్ మొగిలి రోజూ ఆటపట్టించేవాడు.

ఇది పదకొండేళ్ల కిందటి మాట. వనజ అప్పుడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. తార్నాకలో అద్దె ఇల్లు. భర్త దేవేందర్‌కు కాచిగూడలో ఒక లాడ్జిలో ఉద్యోగం. కూతురు సింధూజకు ఏడో నెల. రెండు నెలలుగా పిల్ల కార్డు మీద బరువు గీత పైకి లేవడం లేదు. జబ్బేమీ లేదనీ, తిండీ పాలూ శ్రద్ధగా చూసుకుని నెల తర్వాత మళ్లీ తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పటికీ పెరగకపోతే పిల్లను తానే తీసుకుపోయి సాకుతానని జనగామ దగ్గరి ఊరినుంచి అత్తగారు ఫోనులో తేల్చి చెప్పింది. దేవేందర్ కూడా సరేనన్నాడు. చంటిబిడ్డ లేని ఇల్లు తలుచుకుంటే వనజకు ముద్ద దిగలేదు.

తనకు వచ్చిన విద్యనే ఆమె నమ్ముకుంది. ల్యాబ్ రికార్డులాగే ఒక పుస్తకం కుట్టింది. తొమ్మిదింటికి పాలు, పన్నెండింటికి మెత్తటి పప్పన్నం పది చెంచాలు, మూడింటికి మళ్లీ పాలు. పది చెంచాలంటే పదీ లోపలికి పోవాల్సిందే. పిల్ల తల తిప్పుకుంటే ఫోనులో బొమ్మలు చూపించి, నోరు తెరిచిన సందు చూసి చెంచా దూర్చేది. చివరికి చెంచా కనబడితే చాలు, సింధూజ పెదవులు బిగబట్టేది.

ఆ పుస్తకం తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఐదో తరగతి దాకా చదువుకున్న పెద్దమ్మ ఒక్కో గడీ మీద వేలు పెట్టి చదివి, తిరిగి ఇచ్చేసింది.

"ఇండ్ల అన్ని రాసినవ్ బిడ్డా. పిల్ల ఏమన్నదో గదొక్కటే రాయలే."

వనజకు ఒళ్లు మండింది. "ఏడు నెలల పిల్ల ఏమంటది పెద్దమ్మా?"

పెద్దమ్మ సింధూజను తనకు ఎదురుగా ఒళ్లో కూచోబెట్టుకుని, దాని మొహంలోకి చూస్తూ ఊరికే ఉన్నది. కాసేపటికి పిల్ల "ఉంగా" అన్నది. పెద్దమ్మ "ఊ" అని ఆగింది. పిల్ల కాళ్లాడించి ఇంకాస్త పొడుగ్గా ఏదో అన్నది. "ఊ, ఇంకేంది?" అన్నది పెద్దమ్మ. సింధూజ బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో వనజకు గుర్తు రాలేదు.

"మీ నాయినమ్మ కథ చెప్తుంటే నువ్వు ఊ కొట్టకపోతె ఏం చేస్తుండె?"

"ఆపేస్తుండె. పండుకున్నవానే అంటుండె."

"గిది గూడ గంతే. పొద్దందాక కథ చెప్పింది. ఊ కొట్టెటోళ్లు లేక ఆపేసింది."

వనజ తల వంచుకుంది. మా పిల్ల మంచిది, అసలు చప్పుడే చేయదని తానే అందరికీ గొప్పగా చెప్పుకున్నది మరి.

ఆనాటినుంచి పుస్తకం అటకెక్కింది. పిడికిలి చప్పరిస్తే ఆకలని చెప్పినట్టే, ఏడ్చేదాకా ఆగితే మనం ఆలస్యం చేసినట్టేనని పెద్దమ్మ నేర్పింది. పిల్ల పిడికిలి నోటికి పోగానే వనజకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ల్యాబ్ కోటు విప్పడం కూడా మరిచి వనజ పరుగెత్తుకు వస్తుంటే, మొగిలి గేటు ముందే తెరిచి పెట్టేవాడు. పిల్ల తల తిప్పుకుంటే కడుపు నిండిందని చెప్పినట్టు. ఇక చెంచా పక్కన పెట్టేయాలి. మొదటి వారం పిల్ల నాలుగు చెంచాలకే తల తిప్పితే వనజకు గుండె జారిపోయింది. పెద్దమ్మ మాత్రం నిమ్మళంగా ఉన్నది.

"ఇన్నాళ్లు నువ్వు కుక్కినవ్. ఇయ్యాల నాలుగు అదే అడిగి తిన్నది. రేపు ఐదు అడుగుతది."

నెల తిరిగింది. తూకం నాటి పొద్దున వనజ ఇంట్లో ఎల్లమ్మకు దీపం పెట్టింది. క్రెష్‌లో పెద్దమ్మ ప్రభువు ముందు మోకరించింది. ఇద్దరూ మొక్కింది ఒక్క బిడ్డ కోసమే. కార్డు మీద గీత పైకి లేచింది. అత్తగారికి చెబుదామని వనజ ఫోను చేసేసరికి ఒళ్లో సింధూజ ఒకటే ముచ్చట్లు. అటునుంచి అత్తగారు "ఊ, ఇంకేంది బిడ్డా?" అన్నది. పిల్లను తీసుకుపోయే మాట మళ్లీ ఎత్తలేదు.

సింధూజ ఇప్పుడు ఆరో తరగతి. దాని కథలకు ఊ కొట్టలేక దేవేందర్ అలిసిపోతుంటాడు. మొన్న ఆదివారం వనజ కూతుర్ని వెంటబెట్టుకుని బౌద్ధనగర్ వెళ్లింది. అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్న పెద్దమ్మకు మునిమనవడు పుట్టి మూడు నెలలు. పెద్దమ్మ పని మానేసి నాలుగేళ్లయింది. చెవులు దాదాపు పోయాయి. కళ్లకు పొర కమ్మింది. అయినా బిడ్డను ఎత్తుకునే ముందు అరచేతులు రుద్దుకుంటూనే ఉన్నది.

పోయిన చెవుల గురించి వనజ దగ్గరికి వంగి గట్టిగా అంటూ బాధపడితే పెద్దమ్మ నవ్వింది. పని చేసినన్నాళ్లు ఒక్క పిలుపు కూడా దాటనివ్వలేదనీ, ప్రభువు తన మొర విన్నాడనీ అన్నది. ఒళ్లో పసివాడు కాళ్లాడిస్తూ ముచ్చట మొదలుపెట్టాడు. పెద్దమ్మ మొహం వాడివైపే వంచి ఉన్నది గానీ, వాడు ఎప్పుడు అంటున్నాడో, ఎప్పుడు ఆగుతున్నాడో ఆమెకు తెలియడం లేదు. కాసేపు చూసి సింధూజను దగ్గరికి పిలిచింది. దాని చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నది.

"వీడు ఉంగా అన్నప్పుడల్ల గీడ జర తట్టు బిడ్డా. నా ఊ ఆలస్యమైతె కథ ఆపేస్తడు."