చెర్రీల కాలంలో గ్లెనిస్ ఊళ్ళో లేదు

గ్లెనిస్‌కి ఒక పాడు అలవాటు. తోటలోకి ఎవరు కొత్తగా పనికొచ్చినా పేరైనా అడక్కముందే, "ఇప్పుడు మీ ఇంట్లో పొయ్యి మీద ఏముంటుంది?" అంటుంది. ఆ వచ్చినవాడు ఏ జర్మనీవాడో, పాత వ్యాన్లోంచి నిద్రమొహంతో దిగి ఒళ్ళు విరుచుకుంటూ ఉంటాడు. "మా ఇంట్లో ఇప్పుడు అందరూ పడుకుని ఉంటారండీ" అంటాడు పాపం. "అయితే ఏం తిని పడుకున్నారో అది చెప్పు" అంటుంది. చెప్పేదాకా బకెట్ చేతికివ్వదు.

ఆస్ట్రేలియాకి దక్షిణాన టాస్మానియా దీవిలో, హ్యుయాన్ నది ఒడ్డున ఉంది ఆ చెర్రీ తోట. తోట తమ్ముడు డెస్‌ది, పెత్తనం గ్లెనిస్‌ది. క్రిస్మస్ ముందు కాయ ఎరుపెక్కడం ఆలస్యం, కొరియా నుంచి, ఫ్రాన్స్ నుంచి, తైవాన్ నుంచి కుర్రకారు దిగిపోతారు. పని చేసుకుంటూ దేశం చూసి పొమ్మని వాళ్ళకి ఒక వీసా ఇస్తారు. వయసులో ఉన్నవాళ్ళకే ఇస్తారు. గ్లెనిస్‌కి అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు మాత్రం ఆవిడ ఎక్కడికి పోయింది గనక! సముద్రం దాటితే ఎదురుగా ఉన్న మెల్బోర్న్ కూడా చూడలేదు. ఎవరైనా అడిగితే, "చెర్రీలు అవనీ, చూద్దాం" అంటుంది. చెర్రీలయ్యాక ఆపిళ్ళు, ఆపిళ్ళయ్యాక కొమ్మలు కత్తిరించడం. వెళ్ళాలని లేకా? చచ్చేంత ఉంది! ఊరికే ఊళ్ళు చూడ్డం కాదు. ఈ పిల్లలు తన తోటలో పనిచేసినట్టు, తనూ ఎవరి తోటలోనైనా పనిచేసి రావాలని. ఆ మాట బయటికంటే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు సగం కోతలయ్యాక పెయ్‌షాన్ వచ్చింది. తైవాన్ పిల్ల. మొదటిరోజు అందరినీ నిలబెట్టి గ్లెనిస్ ఇచ్చే ఉపన్యాసం అప్పటికే అయిపోయింది. ఆ ఉపన్యాసమంతా ఒకే ఒక్క సంగతి గురించి. చెర్రీని తొడిమ పట్టుకుని మెల్లగా పైకి తిప్పి కోయాలి. తొడిమ పుట్టిన చోట ఒక పొట్టి కణుపు ఉంటుంది. వచ్చే ఏటి మొగ్గలన్నీ దాన్లోనే ఉంటాయి. కణుపు ఊడొచ్చిందా, వచ్చే ఏడు అక్కడ పూత లేదు, కాయ లేదు.

మధ్యాహ్నం పెయ్‌షాన్ బకెట్లోకి తొంగి చూసిన గ్లెనిస్ గబుక్కున ఒక గుప్పెడు తీసి చూసింది. కాయలన్నీ కణుపులతో సహా ఉన్నాయి. వెనక్కి చూస్తే వరుసలో నాలుగు చెట్లు బోడిగా నిలబడి ఉన్నాయి.

"ఓసి నీ దుంపతెగ! ఏం చేశావే? ఇవేమైనా పుల్లలనుకున్నావా?"

ఆ పిల్ల నిచ్చెన మీద బిక్కచచ్చిపోయింది. "శుభ్రంగానే కోశాను కదా ఆంటీ. మా ఇంట్లో ఇలాగే కోస్తాం."

"మీ ఇంట్లో వచ్చే ఏడు కాయలక్కర్లేదా?"

"కావాలి. కానీ అవి ఈ కణుపుకి కాయవు కదా! వచ్చే ఏటివి మళ్ళీ కట్టుకోవాలి."

కట్టుకోవడమేమిటి? గ్లెనిస్ తిట్టబోయి ఆగిపోయింది. కోపం ఎంతొచ్చినా సరే, కొత్త సంగతి చెవిన పడితే ఆవిడకి నోరు పెగలదు, చెవులే పనిచేస్తాయి. "దిగు. దిగి సరిగ్గా చెప్పు" అంది.

పెయ్‌షాన్ వాళ్ళది డోంగ్‌షి అనే ఊరు. బేరిపళ్ళ తోట. ఆ ఊరికి చలి చాలదు, మంచి రకం బేరి తనంతట తాను అక్కడ పూత పూయదు. అందుకని చలికాలం రాగానే చలిదేశాల నుంచి మొగ్గలున్న పుల్లలు తెప్పిస్తారు. తమ నాటు చెట్ల కొమ్మలకి చీలిక పెట్టి, ఒక్కొక్క పుల్లనీ చేత్తో అంటు కడతారు. కాయ కోశాక ఆ కణుపుతో పనైపోయినట్టే, కోసి పారేస్తారు. మళ్ళీ చలికాలంలో మళ్ళీ మొదలు.

"ఏటా? చెట్టంతా? చేత్తోనా?" గ్లెనిస్ బుగ్గలు నొక్కుకుంది. "కోతలు కోస్తున్నావా?"

"మా అమ్మ నిద్రలో కూడా కడుతుంది ఆంటీ. వచ్చి చూడండి."

ఆ పిల్లని పంపించేయమన్నాడు డెస్. గ్లెనిస్ పంపలేదు. "చెట్లు తెలిసిన పిల్ల, మన చెట్లే తెలీవు. నేను నేర్పుకుంటాను" అంది. నేర్పింది కూడా. కోతలు ముగిసేసరికి పెయ్‌షాన్ బకెట్లో కణుపన్నది వెతికినా దొరికేది కాదు.

గ్లెనిస్‌కి మాత్రం ఆ అంటు సంగతి బుర్రలోంచి పోలేదు. ఆపిళ్ళ కాలమంతా అదే గొడవ. చీలిక ఎంత లోతుండాలి? తడి తగిలితే? చివరికి, "ఎప్పుడు కడతారే?" అని అడిగింది. క్రిస్మస్ వెళ్ళీవెళ్ళగానే అంది పెయ్‌షాన్. అక్కడ చలికాలమైతే ఇక్కడ ఎండాకాలం, సరిగ్గా చెర్రీలు పండే రోజులు! గ్లెనిస్ ఉసూరుమంది. మూడోనాడు టీ తాగుతూ, "ఒరే డెస్, ఈసారి చెర్రీలకి నేనుండను" అంది.

డెస్ కప్పు కింద పెట్టాడు. "అక్కా, నీకేమైనా మతి పోయిందా? ఈ వయసులో పనికెళ్తావా, అదీ ఎవరివో బేరిచెట్లకి కట్లు కట్టడానికి? ఇక్కడ కణుపులెవరు చూస్తారు?"

"పెయ్‌షాన్ చూస్తుంది. మరో ఏడు ఉంటానంటోంది."

"నాలుగు చెట్లు బోడి చేసిన పిల్లా!"

"అందుకే చూస్తుంది. నీకు తెలీదులే. ఇప్పుడు వెళ్ళకపోతే నేనింక వెళ్ళనురా. ఈ బెంచీ మీదే కూర్చుని పొయ్యి మీద ఏముందని అందర్నీ అడుగుతూ పోతాను." ఆ రోజు రాగానే ఎయిర్‌పోర్టుకి డెస్సే దింపాడు, దారి పొడుగునా సణుగుతూనే.

డోంగ్‌షిలో పెయ్‌షాన్ వాళ్ళమ్మ లాన్‌మెయ్ గేటు దగ్గరే నిలబడి ఉంది. పొట్టి మనిషి, తలమీద పూల గుడ్డ చుట్టిన టోపీ. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఫోనుంది. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు, రాగం లేకుండా అప్పజెబుతుంది. మర్యాదలు ఒక్కపూటే. మర్నాడు పొద్దున్నే గ్లెనిస్ చేతిలో ఒక కత్తీ ఒక టేపు చుట్టా పెట్టి, "ఇదుగో, ఈ చెట్టు నీది" అంది లాన్‌మెయ్.

గ్లెనిస్ అంటు కట్టడమంటే అదొక భాగోతం. చీలిక పెడితే పుల్ల జారిపోయేది. పుల్ల నిలబడితే టేపు మెలిపడేది. వెనకనుంచి లాన్‌మెయ్ అరిచేది, ఫోను అదే మాట ప్రశాంతంగా చెప్పేది: "అక్కా, అది చెట్టు. పార్సిల్ కాదు." తన తోటలో తను ఏ గొంతుతో అరుస్తుందో అదే గొంతు! తిట్టు తింటూనే నవ్వుకుంది గ్లెనిస్. వారం తిరిగేసరికి కాస్త చెయ్యి కుదిరింది. టాస్మానియా తోట నుంచి పెయ్‌షాన్ వీడియో పంపింది. నిచ్చెన పక్కన నిలబడి ఆరడుగుల ఫ్రెంచివాణ్ణి వాయించేస్తోంది. డెస్ వెనకాల తల గోక్కుంటున్నాడు. ఇద్దరూ ఆ పిల్ల తల్లులే అన్నట్టు ఆ వీడియోని మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశారు గ్లెనిస్, లాన్‌మెయ్.

ఆ మధ్యాహ్నం చెట్టు కింద క్యారేజీ విప్పారు. అన్నం, ఎండు ముల్లంగి వేసిన గుడ్డట్టు, చేదుగా టీ. లాన్‌మెయ్ గ్లెనిస్ గిన్నెలోకి అట్టు తుంపి వేసి, ఫోను దగ్గర ఏదో అంది. ఫోను అప్పజెప్పింది: "ఇప్పుడు మీ ఇంట్లో ఏం తింటూ ఉంటారు?"

గ్లెనిస్ తినబోతున్న అట్టు ముక్క గిన్నెలోనే పెట్టేసింది. ఎంతమందిని అడిగిందీ ప్రశ్న! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తిరిగి తనని అడగలేదు. ఎలా అడుగుతారు? ఇల్లు వదిలి వచ్చినవాళ్ళనే కదా ఆ మాట అడుగుతారు. తను ఎప్పుడూ ఇంట్లోనే ఉందాయె.

"క్రిస్మస్‌కి చేసిన పంది మాంసం ఇంకా మిగిలే ఉంటుంది" అంది చివరికి, మెల్లగా. "రొట్టెలో పెట్టుకుని డెస్ నిలబడే తింటూ ఉంటాడు. కూర్చోరా అంటే కూర్చోడు. రొట్టెకి ఆవపిండి ముద్ద నేను రాసిస్తేనే సరిగ్గా రాసినట్టు వాడికి. ఈసారి వాడే రాసుకుంటున్నాడేమో." అని, ఇక ఆగలేక వలవలా ఏడ్చేసింది. బెంగ. అరవై ఏళ్ళు దాటాక, మొదటిసారి, ఇంటి మీద బెంగ. ఆ ఏడుపులోనే ఎంత సంతోషంగా ఉందో ఆవిడకే విడ్డూరంగా ఉంది.

లాన్‌మెయ్ కంగారుపడలేదు. టీ నింపింది, తలమీది గుడ్డ విప్పి ఇచ్చింది, ఫోనుకి ఏదో చెప్పింది.

"ఏడవాల్సిందంతా ఇక్కడే ఏడ్చెయ్ అక్కా" అంది ఫోను. "తడి చేతుల్తో అంటు పట్టదు."

గ్లెనిస్ ముక్కు చీదింది, చేతులు రెండూ ఆ గుడ్డతో పొడిగా తుడుచుకుని, తన చెట్టు దగ్గరికి నడిచింది.