సముద్రం చూసొచ్చిన బొల్లిగొర్రె

మక్తల్ సంతలో ఎవరు సముద్రం మాటెత్తినా కురుమయ్య గొంగడి భుజాన సర్దుకుని దగ్గరికి జరిగేవాడు. గొర్లు కాసుకునే మనిషి, చెరువులో మోకాటి లోతు దాటి దిగనివాడు. అలాంటివాడు చిన్న తెరచాప పడవలో పదకొండు రోజులు సముద్రం మీద గడిపాడంటే కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ. సాక్ష్యానికి బొల్లిగొర్రె ఉండేది.

సంగతి యాభై ఏడులోది. భీమిలి వ్యాపారి ఒకతను ఆ సంతలో కురుమయ్య దగ్గర ముప్పై గొర్లు కొన్నాడు. మంద ఎప్పుడూ ముందు నడిచే గొర్రె వెంటే కదులుతుంది. ఆ మందకు ముందు నడిచేది బొల్లి, మొహాన తెల్లమచ్చ ఉన్న ముసలిది. అది అమ్మకానికి కాదు. పుట్టగానే తల్లి చచ్చిపోతే కురుమయ్య భార్య గుర్వమ్మ ఒళ్లో పెట్టుకుని పాలు తాపి పెంచింది. మందను భీమిలిలో దింపి బొల్లిని వెనక్కి తెచ్చుకునే మాట మీద కురుమయ్య బయల్దేరాడు.

"బొల్లి లేకుండ నువ్వొక్కనివే వస్తె తలుపు తియ్య, చెప్తున్న" అంది గుర్వమ్మ.

సగం దారిలో ఉండగా భీమిలి వైపు రైలుకట్ట వరదకు తెగింది. దాంతో రైలు మారి బందరు రేవుకు చేరారు. వ్యాపారి మందనూ కురుమయ్యనూ పోలయ్య పడవెక్కించాడు. పోలయ్య ఆ పడవకు సరంగు, అంటే నడిపించే పెద్ద. ఆయన కింద ఇద్దరు కళాసులు.

మొదటి రోజు కురుమయ్య కడుపులో ఏదీ నిలవలేదు. మూడో రోజుకు లేచి కూర్చున్నాడు. చాప నిండా గాలి పట్టి పడవ పరుగు తీస్తుంటే ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. కాళ్లరగకుండా మందను తోలుకుపోయే చోటు ఒకటి లోకంలో ఉందని ఆనాడే తెలిసింది. తమ బీరప్ప దేవుణ్ణి తలుచుకుని పాటెత్తుకుంటే కళాసులు పడవ చెక్కమీద తాళం వేశారు.

ఆ సంబరంలోనే తప్పు చేశాడు. మక్తల్ దిక్కున ఎండుచొప్ప మీద కాసిన్ని ఉప్పునీళ్లు చల్లితే జీవాలు ఇష్టంగా తింటాయి. ఉప్పు చిటికెల లెక్కన వాడే ఇంటివాడికి ఇంత ఉప్పునీరు ఊరికే దొరికితే చెయ్యి ఊరుకుంటుందా? బొక్కెనతో తోడి చొప్ప మీద గుమ్మరించాడు. గొర్లు పోటీపడి తిన్నాయి. ఆ తర్వాత పోటీపడి తాగాయి. రెండు రోజుల్లో మంచినీళ్ల పీపాలు నాలుగూ అడుగంటాయి.

ఆరో రోజు గాలి పడిపోయింది. ఏడో రోజు తెల్లారేసరికి మంచు కమ్మి ఒడ్డు ఏ పక్కనుందో తెలియలేదు. మిగిలింది ఒక్క కుండెడు నీళ్లు. గొర్లు నాలుకలు చాపి రొప్పుతున్నాయి.

"ఆ కుండ మనుషులకి. గొర్రెలకి పోశావంటే నిన్నిక్కడే దింపేస్తాను" అన్నాడు పోలయ్య.

కురుమయ్యకు ఏడుపొచ్చింది. తన వంతు గ్లాసెడు అందుకుని బొల్లి మూతి దగ్గర పెట్టాడు. బొల్లి తాగింది. అంతలో సన్నగా గాలి తగిలింది. బొల్లి తలెత్తి, ముక్కుపుటాలు విప్పి, ఒక పక్కకు తిరిగి నిలబడింది. చూస్తుండగానే ముప్పై గొర్లూ అటే తిరిగాయి.

"అన్నా, నీళ్లు గా దిక్కునున్నయ్. ఎండకాలం వాగెండితె ఇసుకల చెలిమె యాడ తీయాల్నో గిదే చూపిస్తది మాకు" అన్నాడు కురుమయ్య.

"గొర్రె కసాయివాణ్ణి నమ్ముద్దంటారు. సరంగు గొర్రెని నమ్మడం నేనెక్కడా వినలేదు" అన్నాడు పోలయ్య. అంటూనే తెడ్డందుకున్నాడు. వేరే దారేముంది గనక?

పొద్దు బారెడెక్కేసరికి మంచు విడిపోయింది. ఎదురుగా ఏరు సముద్రంలో కలిసే మొగ, పొగలేస్తున్న పల్లె. ఒడ్డున ఆడవాళ్లు ఇసుకలో గుంట తీసి, ఊరిన నీళ్లను చిప్పలతో కుండల్లోకి తోడుతున్నారు. అచ్చం తమ వాగులో చెలిమె లాంటిదే. బొల్లి ముందు, మంద వెనక, పడవ దిగి నేరుగా అక్కడికే నడిచాయి. కురుమయ్య నవ్వుతూనే ఏడ్చేశాడు. పోలయ్య తలగుడ్డ విప్పి బొల్లి వీపు తుడిచాడు.

"మిగతా నాలుగు రోజులూ ఈవిడే సరంగు" అన్నాడు.

భీమిలిలో ముప్పై గొర్లూ ప్రాణాలతో దిగాయి. అప్పటికి రైలుకట్ట కూడా బాగయింది. కురుమయ్య మక్తల్ చేరేసరికి సంత జరుగుతోంది. మూడు సంతల నుంచీ గుర్వమ్మ వచ్చి ఎదురుచూస్తోందట. పరుగున వచ్చి బొల్లి మెడ వాటేసుకుంది. దాని నోరు తెరిపించి పళ్లు చూసింది, కాళ్లు తడిమింది, చెవులు నిమిరింది. అప్పుడు తలెత్తింది. కళ్లనిండా నీళ్లు.

"నువ్వు గూడ వచ్చినవా" అంది.

"బొల్లి తోల్కొచ్చింది" అన్నాడు కురుమయ్య.