వైరు పీకే చెయ్యి

ఉప్పుగూడ దానియేలు ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో మోటార్లు బాగుచేశాడు. స్విచ్చి ఆపకుండానే వైరు పీకి, షాఫ్టు చేత్తో తిప్పి చూసేవాడు. ఆపేవాణ్ణి అక్కడ పిరికివాడని నవ్వేవారు. రిటైరయ్యాక ముందుగదిలో సరదాకి కట్టుకున్న, కంప్యూటరు చెప్పినట్టు లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మిల్లింగ్ మిషను మాత్రం అతని ప్రాణం తోడేస్తోంది. మోటారును నడిపే డ్రైవరు బోర్డులు మూడు మాడిపోయాయి.

నాలుగోది ఇస్తూ దుకాణం ప్రేమ్‌రాజ్ అడిగాడు: "కరెంటుండంగనే మోటరు వైరు పీకుతున్నవా, బాపు?"

"పీకకుంటే తెలుసుడెట్ల?"

"గట్ల పీకితేనే బోర్డు కాలుతది. ముందు స్విచ్చి బంద్ చెయ్యి."

మూడింటినీ చంపింది తన చెయ్యే! ఇల్లు చేరేదాకా 'స్విచ్చి, స్విచ్చి' అని జపించాడు దానియేలు. కొత్త బోర్డు బిగించి స్విచ్చి వేశాడు. మోటారు గుర్రుమంది గానీ కదల్లేదు. మిషను మీదికి వంగాడు.

బోర్డు మీది పచ్చలైటు ఆరిపోయాక చూసుకుంటే, స్విచ్చి వేసే ఉంది, వైరు అతని చేతిలో ఉంది.